ఉందో లేదో తెలియని రెండో పిట్ట

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే ముందు రిటైరవ్వాలంటారు. పక్షుల నుంచి నేను రిటైరై మూడేళ్ళయింది. వయసు ముప్పై ఒకటి. పెన్షన్ లేదు, మోకాళ్ళ నొప్పులు ఇంకా మొదలవలేదు, కాబట్టి చిన్నవాళ్ళకి సలహాలిచ్చే అర్హత నాకు సగమే ఉంది. అయినా ఇక్కడ టెక్సాస్‌లోని ప్లేనోలో మా అపార్ట్‌మెంట్‌లో కొత్తగా దిగిన కుర్రాళ్ళు "అన్నా, నీ ఫస్ట్ జాబ్ ఏంది?" అని అడిగినప్పుడల్లా "చచ్చిన పక్షులకి డేటాబేస్ కట్టడం" అని ఉన్నమాటే చెప్తున్నాను. వాళ్ళు నవ్వేసి, ఇంకో అన్నని అడగడానికి వెళ్ళిపోతున్నారు. జన్మకో నిజం చెబితే ఇదీ ఫలితం. అందుకని రాతపూర్వకంగా ఇస్తున్నాను.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ అందరిలాగే నేనూ ఎమ్మెస్ చదివాను. మీ అందరిలాగే చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ రోజులు కరిగిపోతుంటే కంపెనీలకి అప్లికేషన్లు పెట్టాను. వాళ్ళు మీకు రాసినట్టే నాకూ ఎంతో మర్యాదగా జవాబులు రాశారు. ఆ సమయంలో న్యూజెర్సీలో, నేనుండే పిస్కాటవేకి అరగంట డ్రైవ్‌లో ఉన్న ఒక చిన్న యూనివర్సిటీ ప్రకటన కనిపించింది. ఆ యూనివర్సిటీకో మ్యూజియం, మ్యూజియానికో బేస్‌మెంట్, బేస్‌మెంట్ నిండా స్టీలు బీరువాలు, బీరువాల నిండా పక్షులు. వాటి వివరాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. జీతం తక్కువ. కానీ యూనివర్సిటీ కాబట్టి లాటరీ గొడవ లేకుండా హెచ్‌వన్ వీసా వస్తుంది. పక్షుల మీద నాకున్న ప్రేమ మొత్తం ఆ ఒక్క వాక్యంలో ఉంది.

ఇంటర్వ్యూ చేసింది క్యూరేటర్. డెబ్బైకి దగ్గరపడ్డ అమెరికన్ ఆవిడ. పొడుగ్గా, వంగి, తెల్లజుట్టు పెన్సిల్‌తో ముడేసుకుని, అదే పెన్సిల్ కోసం బల్లంతా వెతుక్కుంటూ కనిపించింది.

"పక్షుల గురించి నీకేం తెలుసు?"

"చికెన్ గురించి కొంచెం తెలుసండీ."

"ఏ భాగం?"

"లెగ్ పీస్."

ఆవిడ ఏదో రాసుకుంది. అయిపోయిందనుకున్నాను. వారానికి ఆఫర్ వచ్చింది. అంతకుముందు వచ్చిన వాళ్ళందరూ తమకి చిన్నప్పటి నుంచీ పక్షులే ప్రాణమని చెప్పారట. "ప్రాణం పెట్టేవాళ్ళు డేటా సరిగ్గా ఎక్కించరు" అంది తర్వాత ఒకరోజు. నాకు అర్థం కాలేదు. ఆవిడ తన గురించే చెప్పిందని చాలా రోజులకి తెలిసింది.

పేరు పెట్టి పిలవమంది. నోరు రాలేదు. మన పెంపకం అలాంటిది. "డాక్టర్" అనేవాణ్ణి. "నేను వైద్యురాలిని కాదు. అయినా ఇక్కడెవరికీ వైద్యం అక్కర్లేదు" అని బీరువాల వైపు చూపించేది.

బేస్‌మెంట్‌లో మూడో మనిషి మన ఆంటీ. కాకినాడలో ఏళ్ళ తరబడి జువాలజీ చెప్పి రిటైరై, గ్రీన్‌కార్డ్ మీద ఎడిసన్‌లో కూతురి దగ్గర ఉంటోంది. వారంలో మూడు రోజులు వాలంటీర్‌గా వచ్చి, పక్షుల కాళ్ళకి చీటీలు కట్టేది. ఎందుకొస్తున్నారని అడిగితే, "మా అమ్మాయి ఆఫీసుకెళ్ళిపోతే ఇంట్లో నేనూ, డిష్‌వాషరూ మిగుల్తాం నాయనా. అదైనా మధ్యలో కాస్త చప్పుడు చేస్తది" అంది.

ఇక మ్యూజియం పక్షి ఎలా ఉంటుందంటే, మీరు ఊహించుకున్నట్టు కొమ్మ మీద రెక్కలు చాపి ఉండదు. లోపల దూది కూరి, కళ్ళల్లోనూ దూదే పెట్టి, కాళ్ళు జోడించి కట్టి, వెల్లకిలా పడుకోబెడతారు. మొదటిరోజు డ్రాయర్ లాగి చూసి, "ఇదేంటి, హాస్టల్‌లా ఉంది" అన్నాను. వాసన మాత్రం కలరా ఉండల వాసన. మా అమ్మ పట్టుచీరల బీరువాలో తలపెట్టినట్టే ఉండేది.

సరే, అసలు పక్షి సంగతి. పసిఫిక్‌లో ఒక దీవిలో ఉండేది. దీవి పేరూ, పక్షి పేరూ రాయను. ఈ రంగంలో ఉన్నది కొద్దిమంది, వాళ్ళకి తీరిక ఎక్కువ, వెంటనే మెయిల్ పెడతారు. నీటికోడి జాతి. కౌజుపిట్టంత ఉంటుంది. ఎగరలేదు. ఎలుకలూ పిల్లులూ లేని దీవిలో ఎగరాల్సిన అవసరమేముందని తరతరాలుగా రెక్కలు తగ్గించుకుంటూ వచ్చింది. ఆప్షనల్ అని వదిలేసిన చాప్టరే ఫైనల్లో వచ్చినట్టు, ఒకనాడు ఓడలొచ్చాయి. ఓడల్లోంచి ఎలుకలు దిగాయి. ఎలుకల కోసం పిల్లుల్ని దింపారు. పిట్టలు పోయాయి. ఆఖరి పిట్టని ఎవరు చూశారో తెలియదు. చూసినవాడికి అదే ఆఖరిదని తెలిసుండదు.

ఇక పేర్లు. శాస్త్రీయ నామం అనగానే భయపడకండి. మన తెలుగువాళ్ళ పద్ధతే. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఆ సంగతి తెలిసిన రోజు పక్షులతో నాకు మొదటిసారి చుట్టరికం కుదిరింది. అమెరికాలో దిగిన దగ్గర్నుంచి జనం నన్ను ఇంటిపేరుతోనే పిలుస్తున్నారు. లైసెన్స్‌లో ఒక మనిషిని, బ్యాంకులో ఇంకో మనిషిని, హెల్త్ ఇన్సూరెన్స్‌లో ఎవరో స్త్రీని.

మా పిట్ట పరిస్థితి నాకంటే ఘోరం. మొదటి పేరు పెట్టినాయన దాన్ని చూడలేదు. యూరప్‌లో కూర్చుని, ఓడలో వెళ్ళొచ్చిన చిత్రకారుడు వేసిన బొమ్మ చూసి పెట్టాడు. చిత్రకారుడు వెనకభాగం పూర్తిచేయకుండా వదిలేశాడు. కాగితం తెల్లగా మిగిలింది. పేరు పెట్టినాయన దాన్ని తోక అనుకున్నాడు. 'తెల్లతోకది' అని లాటిన్‌లో నామకరణం చేశాడు. మా పిట్టకి తోక ఉందంటే ఉంది, లేదంటే లేదు. తెల్లగా మాత్రం లేదు. రెండో ఆయనకి పిట్ట చర్మమైతే చేరింది గానీ, ఓడ రెండు దీవుల్లో ఆగడంతో పెట్టెలు తారుమారయ్యాయి. ఆయన, అది జన్మలో కాలుపెట్టని దీవి పేరు దానికి తగిలించాడు. మూడో ఆయన ఈ రెండూ ఒకటేనన్నాడు. నాలుగో ఆయన కాదన్నాడు. తర్వాతి ఆయన ఇంటిపేరు మార్చాడు, ఆ తర్వాతి ఆయన పాత ఇంటిపేరే తెచ్చిపెట్టాడు. పిట్టలు మాత్రం ఈ చర్చలో పాల్గొనలేదు. అప్పటికే లేవు.

"ఇంత గొడవైతే, ఎవరో ఒకరు కూర్చుని సరైన పేరు పెట్టొచ్చు కదా?" అన్నాను.

"కుదరదు. ముందు పెట్టిన పేరే చెల్లుతుంది. అదే చట్టం" అంది డాక్టర్.

"తప్పు పేరైనా?"

"తప్పు పేరైనా. లేకపోతే ఈ బేస్‌మెంట్‌లో ప్రతివాడూ రోజుకో పేరు పెడతాడు."

మన పిన్నిలు, బాబాయిలు పెట్టే ముద్దుపేర్లకి కూడా ఇదే చట్టం వర్తిస్తుందని నాకు అనుభవం.

మా దగ్గర ఆ పిట్టవి మూడు చర్మాలుండేవి. ప్రపంచం మొత్తం మీద ఉన్నవే కొన్ని కాబట్టి, అవి మా బేస్‌మెంట్‌కి వజ్రాల్లాంటివి. రెండు ముదురు గోధుమరంగువి, ఒకే ట్రేలో పక్కపక్కన. మూడోది లేతరంగు, కాస్త చిన్నది, ముక్కు సన్నం. అది వేరే డ్రాయర్‌లో, ఒక్కటే. జాతికో ట్రే అన్నది అక్కడి ఆచారం. నలభై ఏళ్ళ కింద, నా వయసులో ఉన్నప్పుడు మా డాక్టర్ ఆ లేతరంగు పిట్టని చూసి, ఇది అది కాదు, ఇది రెండో జాతి, దీన్నెవరూ గుర్తించలేదని చెప్పి, కొత్త పేరు పెట్టింది. సగం ప్రపంచం ఒప్పుకుంది. సగం ఒప్పుకోలేదు. ఇక్కడ ప్రపంచమంటే ఓ ఇరవై మంది అనుకోండి.

ఆ పేరు ఎవరిదని అడిగాను.

"మా అక్కది."

"ఆవిడకి పక్షులంటే ఇష్టమా?"

"చచ్చేంత భయం. చిన్నప్పుడు కోడి తరిమితే చెట్టెక్కేసింది. మా నాన్న నిచ్చెన తెచ్చేదాకా దిగలేదు."

నేను నవ్వాను. ఆవిడా నవ్వింది. ఆ నవ్వు మొహం మీద ఇంకా కాస్త మిగిలుండగానే, "పందొమ్మిదేళ్ళకి పోయింది. జ్వరం. నాకప్పుడు పదహారు" అంది.

"పేరు బాగుందండీ" అన్నాను.

"లాటిన్‌లో బాగుంది. ఇంగ్లీషులో మా వీధిలోనే నలుగురికుండేది."

తమ్ముళ్ళూ, ఈ కథలో మీరు గుర్తుపెట్టుకోవలసింది ఇదొక్కటే. లేతరంగు పిట్ట నిజంగా వేరే జాతి అయితే, ఆ అక్క పేరు ఒక పక్షి పేరుగా ఉండిపోతుంది. కాకపోతే చట్టప్రకారం తెల్లతోక పేరే గెలుస్తుంది. అక్క పేరు దాని కింద, చెల్లని పాత పేర్ల వరసలోకి దిగిపోతుంది. ఏ సంగతో తేల్చడం ఈ రోజుల్లో పెద్ద కష్టం కాదు. పిట్ట కాలివేలి కిందనుంచి ఆవగింజంత ముక్క కోసి ల్యాబ్‌కి పంపిస్తే, ఇదివరకే తీసిపెట్టిన ముదురు పిట్టల డీఎన్‌ఏతో పోల్చి చెప్పేస్తారు. ఏళ్ళ తరబడి ఎందరో అడిగారు. ఆవిడ కోయనివ్వలేదు. చర్మం పాతది, పాడవుతుందనేది. పిట్ట మీద ఆవిడకి అంత జాగ్రత్త అని అందరూ గౌరవించారు.

ఇక నా వంతు. నేను కట్టిన డేటాబేస్‌లో 'ప్రస్తుతం చెల్లే పేరు' అని ఒక గడి ఉండేది. అందులో ఒక్క పేరే పడుతుంది. ఖాళీగా వదిలితే సేవ్ కాదు. వేల పక్షులు ఎక్కాయి. లేతరంగు పిట్ట దగ్గర ఆగిపోయాను.

"ఏం పెట్టమంటారు డాక్టర్?"

"ఖాళీగా వదిలెయ్యి."

"సిస్టమ్ ఒప్పుకోదు."

"సిస్టమ్ ఎవరిది?"

"నాదే."

"అయితే నువ్వు ఒప్పుకోవడం లేదన్నమాట."

పక్కబల్ల దగ్గర దారం కొరుకుతూ ఆంటీ తలెత్తింది. "ఏవిటిరా, పెద్దావిణ్ణి పట్టుకుని పీకుతున్నావు?"

"నేనెక్కడ పీకుతున్నా ఆంటీ! ఫీల్డ్ మ్యాండేటరీ."

"మ్యాండేటరీ నీ మొహం. మా కాలేజీలో ప్రిన్సిపాల్ పోస్టు నాలుగేళ్ళు ఖాళీగా ఉంది. కాలేజీ నడవలేదా?"

"నడిచిందా?"

"నడిచింది. అప్పుడే బాగా నడిచింది."

మర్నాడు ఆ ఒక్క లైను మార్చేశాను. ఇక ఖాళీగా కూడా వదలొచ్చు. ఏదో ఉపకారం చేసినవాడిలా వెళ్ళి చెప్పాను. "డాక్టర్, ఫీల్డ్ ఆప్షనల్ చేసేశాను. ఇంక ఏ గొడవా లేదు."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అది పెట్టుకుని మళ్ళీ తీసి తుడిచింది.

"వద్దు. మార్చినదాన్ని మళ్ళీ మామూలుగా చేసెయ్యి" అంది. "డిసెంబర్‌లో నేను రిటైరై వెళ్ళిపోతున్నాను. నేను బయటికెళ్ళిన మర్నాడే ఎవరో ఒకరు కోస్తారు. నా వెనక ఎవరో నవ్వుకుంటూ తేల్చేకంటే, నేనుండగానే కోద్దాం."

"చర్మం పాడవుతుందన్నారు కదా?"

"చర్మానికేం కాదు" అంది.

ఆవగింజంత కోతకి ఆ యూనివర్సిటీలో ఒక కమిటీ ఉంది. వాళ్ళు ఒక మీటింగ్ పెట్టుకుని, ఇంకో మీటింగ్ పెట్టుకోవాలని తీర్మానించి, ఆ మీటింగ్‌లో సరేనన్నారు. మా ఇంట్లో నా పెళ్ళి గురించి కూడా ఇంత చర్చ జరగలేదు. ఈ వాక్యం మా అమ్మ చదవకపోతే మంచిది.

కోసిన రోజు బల్ల మీద తెల్లకాగితం పరిచారు. ఆంటీ పిట్టని రెండు చేతుల్తో పట్టుకుంది. డాక్టర్ బ్లేడు తీసుకుంది. దించేసింది. మళ్ళీ తీసుకుంది.

"నన్ను కొయ్యమంటారా?" అంది ఆంటీ. "నా సర్వీసులో ఎన్ని కప్పల్ని కోశానో నాకే తెలియదు."

"కప్పలకి పేర్లున్నాయా?"

"లేవమ్మా. మార్కులే ఉండేవి."

డాక్టర్ నవ్వింది. ఆ నవ్వులోనే చటుక్కున కోసేసింది. కాగితం మీద పడ్డ ముక్కని చూడ్డానికి మేం ముగ్గురం తలలు ఆనించాల్సి వచ్చింది. నేను ఊపిరి కూడా బిగబట్టాను. తుమ్మితే సైన్సు నలభై ఏళ్ళు వెనక్కిపోతుంది.

ముక్క ల్యాబ్‌కి వెళ్ళింది. తల లోపల ఎముకలు కూడా చూడాలని, పిట్టని వేరే క్యాంపస్‌లో ఉన్న స్కానర్ దగ్గరికి తీసుకెళ్ళాలన్నారు. మ్యూజియం వ్యాన్ రిపేర్‌లో ఉంది. నా కారులో తీసుకెళ్ళాం. ఎగరలేని పిట్ట ప్రయాణం చేయగా చూసిన తెలుగువాడిని నేనొక్కణ్ణే అయ్యుంటాను. డాక్టర్ పక్కసీట్లో కూర్చుంది, డబ్బా ఒళ్ళో. సీట్‌బెల్ట్ డబ్బా మీంచి వేసుకుంది. నేను రూట్ వన్ మీద ఎంత మెల్లగా డ్రైవ్ చేశానంటే, స్కూల్ బస్సు ఓవర్‌టేక్ చేసింది. అందులో పిల్లలు వెనక్కి తిరిగి మమ్మల్ని చూశారు.

"నీకు తెలుసా," అంది డాక్టర్ కిటికీలోంచి చూస్తూ, "ఇది ఎలా అరిచేదో ఇద్దరు రాశారు. తడివేలితో గాజుగ్లాసు అంచు రుద్దినట్టు అని ఒకాయన. కుక్కపిల్లలా అని ఇంకొకాయన. ఒకే పిట్ట ఆ రెండూ ఎలా చేస్తుంది? అక్కడే మొదలైంది నాకు. గడ్డిలో రెండు గొంతులున్నాయనిపించింది. ఒకటి అడుగుతుంటే ఇంకోటి జవాబు చెప్తున్నట్టు."

"మీరెప్పుడైనా ఆ దీవికి వెళ్ళారా?"

"రెండుసార్లు. వానాకాలంలో ఆ గడ్డిలో కూర్చున్నాను. తెల్లారి నుంచి మధ్యాహ్నం దాకా."

"ఏమైనా వినిపించిందా?"

"గోల్ఫ్ బండ్లు. రిసార్ట్ కట్టారు."

నేను నవ్వలేదు. సిగ్నల్ దగ్గర ఆగాం. ఆవిడ డబ్బా మీద రెండు వేళ్ళతో నెమ్మదిగా తడుతోంది, పసిపిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడు తట్టినట్టు. తడుతున్నానని ఆవిడకి తెలిసినట్టు లేదు. లోపల ఉన్నది దూది అని గుర్తుచేద్దామనుకున్నాను. గ్రీన్ పడింది.

ఆ తర్వాత ఎదురుచూపులు. ఎదురుచూడ్డంలో మనకి అనుభవం ఉంది కదా, వీసా స్టేటస్ పేజీలు రిఫ్రెష్ చేసి చేసి. నేనూ నా హెచ్‌వన్ కోసం అప్పుడే ఎదురుచూస్తున్నాను. పొద్దున్నే ఇద్దరం చెరో స్క్రీన్ ముందు కూర్చుని రిఫ్రెష్ కొట్టేవాళ్ళం. నాకే ముందొచ్చింది. ఆవిడ ఇంటి నుంచి కేక్ చేసి తెచ్చింది. దాని మీద నా ఇంటిపేరు రాసి ఉంది. సరిచేయలేదు.

ఆ రోజుల గురించి ఒక మాట. ఇప్పుడు నాకు ఇన్సూరెన్స్ కంపెనీలో మంచి ఉద్యోగం, కిటికీ పక్కన సీటు, జీతం రెట్టింపుకి పైన. ఎవరి పేరు దేని కింద ఉందో నాకక్కర్లేదు. కానీ మొన్న ఇండియన్ స్టోర్‌లో ఇడ్లీరవ్వ కోసం వెళ్ళి, కలరా ఉండల ప్యాకెట్ దగ్గర ఆగిపోయాను. ఎంతసేపు ఆగానో తెలియదు గానీ, షాపాయన వచ్చి "బొద్దింకలా సార్?" అన్నాడు. పిట్టలని చెప్పలేక, అవునన్నాను. బొద్దింకల మందు కూడా అమ్మేశాడు.

ఫలితం శీతాకాలం మొదట్లో వచ్చింది. ల్యాబ్ నుంచి మెయిల్, దానికి రెండు అటాచ్‌మెంట్లు. డాక్టర్ తన స్క్రీన్ వైపు చూసి, లేచి, నా కుర్చీ దగ్గరికొచ్చింది.

"నీకూ కాపీ పెట్టారు. నువ్వు చదువు."

"మీరు చదవండి డాక్టర్."

"నీకు పక్షుల మీద ప్రాణం లేదు. నువ్వే సరిగ్గా చదువుతావు."

చదివాను. పైన అంతా పద్ధతుల గురించి. ఆంటీ దారం పక్కనపెట్టి వచ్చి నిలబడింది. కిందికి వెళ్ళాను. లేతరంగు పిట్టకీ ముదురురంగు పిట్టలకీ తేడా లేదు. ఒకే జాతి. రెండో పిట్ట లేదు. ఎన్నడూ లేదు.

ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు చదివేశాను, రైల్వే ప్రకటనలా. ఆవిడ తలూపింది. "రెండోది చదువు" అంది.

రెండోది స్కాన్. డీఎన్‌ఏ ప్రకారం పిట్ట ఆడదని పైన రాశారు. పుర్రె ఎముకలు ఇంకా పూర్తిగా కలుసుకోలేదు. అంటే పెద్దది కాదు, గూడు వదిలి ఎంతో కాలం కాలేదు. రంగు లేతగా ఉన్నదీ, ముక్కు సన్నగా ఉన్నదీ, ఒళ్ళు చిన్నగా ఉన్నదీ అందుకే. పెద్దదయ్యుంటే మిగతా రెండింటిలాగే ముదురు గోధుమరంగు వచ్చేది.

డాక్టర్‌తో ఎప్పుడూ ఇంగ్లీషులోనే మాట్లాడే ఆంటీ, తనలో తను అనుకున్నట్టు తెలుగులో అంది. "అయ్యో తల్లీ. ఎదక్కుండానే పోయిందా పిల్ల."

"ఏమంటోంది?" అని నన్నడిగింది డాక్టర్.

ఆంటీ నాతో తెలుగులో అనే మాటలు తర్జుమా చేసేటప్పుడు మధ్యలో నాదో జోకు కలిపే అలవాటు నాకు. ఆవిడకీ తెలుసు. ఆ ఒక్కసారి మాటకి మాట చెప్పాను.

డాక్టర్ నా కీబోర్డ్ వైపు చూసింది. "ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో ఆ డ్రాయర్ తెరిచాను" అంది. "చిన్నగా ఉంది, లేతగా ఉంది, మిగతావాటిలా లేదు. చిన్నపిల్లయ్యుండొచ్చని మొదటి ఏడాది స్టూడెంట్‌కి కూడా తట్టాలి. నాకు తట్టలేదు. తట్టనివ్వలేదేమో."

"ఇరవై మందిలో పదిమందికి తట్టలేదు డాక్టర్."

"వాళ్ళు నన్ను నమ్మారు. అది వేరే." జుట్టులోంచి పెన్సిల్ లాగింది. జుట్టంతా భుజాల మీదికి జారింది. "సరే. పని చూద్దాం."

ఆ పని ఎలా జరుగుతుందో చెప్తాను, ఇంకెక్కడా చూసే అవకాశం మీకు రాదు. పేరు మారితే కొత్త చీటీ రాసి పిట్ట కాలికి కడతారు. పాతది తీయరు. వంద ఏళ్ళుగా ఎవరెవరు ఏమేమనుకున్నారో, తప్పులతో సహా అన్నీ ఆ కాలికే వేళ్ళాడుతుంటాయి. ఆవిడ చీటీ మీద తెల్లతోక పేరు రాసింది. తేదీ వేసి, కింద తన పొడి అక్షరాలు పెట్టింది. తనే రాసిన నలభై ఏళ్ళ నాటి చీటీ మీద, సిరా గోధుమరంగుకి మారింది. ఆంటీ కొత్త చీటీని దాని పైన కట్టి, ముడి వేసి, మిగిలిన దారం కత్తిరించింది.

నేను గడిలో తెల్లతోక పేరు ఎక్కించాను. "మీ అక్క పేరు?"

"కింద పెట్టు. పాత పేర్లలో."

"ఆ వరస పబ్లిక్ పేజీలో కనిపించకుండా చేయొచ్చు. మీరంటే చేస్తాను."

"ఏం, సిగ్గా?"

"నాకు కాదు."

"అయితే ఉండనీ. పెట్టిన పేరు తీసేసే హక్కు నీకూ లేదు, నాకూ లేదు. ఎవరైనా ఆ పేరు కొట్టి వెతికితే పిట్ట దొరకాలి. అంతే."

పెట్టాను. బొమ్మ చూసి పేరు పెట్టినవాడు, పెట్టెలు తారుమారైనవాడు, ఇంటిపేర్లు మార్చినవాళ్ళు, ఆ మహానుభావులందరి కింద చివర్న, కోడికి భయపడి చెట్టెక్కిన అమ్మాయి. సేవ్ నొక్కాను. ఒక్క క్షణం చక్రం తిరిగి, సేవ్ అయింది. ఎంత సులువుగా అయిందో, దాన్ని కట్టిన నాకే దాని మీద కోపమొచ్చింది.

ఇంకొకటి మిగిలింది. జాతికో ట్రే. ఇప్పుడు జాతి ఒకటే కాబట్టి, లేతరంగు పిట్ట ఇక ఆ వేరే డ్రాయర్‌లో ఉండటానికి లేదు. డాక్టర్ దాన్ని రెండు చేతుల్లో ఎత్తుకుని నడిచింది. నేను ముందు వెళ్ళి ముదురువి రెండూ ఉన్న డ్రాయర్ లాగి పట్టుకున్నాను. ఆవిడ వాటిని కొంచెం కొంచెం అటూ ఇటూ జరిపి, మధ్యలో చోటు చేసి, పిట్టని పడుకోబెట్టింది. చీటీలు చిక్కుపడకుండా ఒక పక్కకి సర్దింది. పక్కపక్కన చూస్తే నాలాంటివాడికి కూడా తెలిసిపోతోంది, అది చిన్నపిల్లని.

నేను ఊరుకోలేను కదా. "రూమ్‌మేట్స్ దొరికారు డాక్టర్. రెంట్ తగ్గుతుంది" అన్నాను.

ఆవిడ నవ్వింది. నిజంగానే నవ్వింది.

"మంచిదే" అంది. "మా అక్కకి ఒక్కతే పడుకోవడమంటే భయం. అంత పెద్దదై కూడా దిండు పట్టుకుని నా మంచం మీదికొచ్చేసేది. కాళ్ళు చల్లగా ఉండేవి. పొమ్మని తన్నేదాన్ని."

ఇంకో జోకు కోసం వెతికాను. దొరకలేదు. ఆంటీ వచ్చి డాక్టర్ వీపు మీద చెయ్యి వేసింది. ఆ డ్రాయర్లని గట్టిగా తోస్తే పిట్టలు దొర్లిపోతాయి. అందుకని అరచెయ్యి ఆనించి, మెల్లగా, చప్పుడు కాకుండా లోపలికి తోశాను.